తేడా

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు.
గుంటూరులో అంతకన్నా ముందు మనుషుల ఓపిక పగులుతుంది.
బ్రాడీపేట నాలుగో లైన్లో మధ్యాహ్నం రెండింటికి
కుక్క కూడా తన నీడను తనే పరుచుకుని పడుకుంటుంది.
ఇంత వేడి ఊరికే పోతోందే అని
మూడేళ్లుగా నాకొక దిగులు.

నా దగ్గర ఒక రాయి ఉంది.
బిస్మత్, యాంటిమొని, టెల్లూరియం,
తూకం తప్పితే మాటాడుకోని ముగ్గురు.
గాలి తీసిన గొట్టంలో మూతి కరిగించి కొలిమిలో కూర్చోబెడితే
తెల్లారేసరికి ఒక్కటై, నల్లగా మెరుస్తూ వస్తారు.
దానికి ఒక చివర కాలాలి, ఒక చివర చల్లగా ఉండాలి.
అప్పుడు లోపల కదలిక మొదలవుతుంది.
పాఠ్యపుస్తకం వాటిని ఆవేశాలంటుంది గానీ
నేను చూసినంతలో
అవి ఎండలోంచి నీడకి జరిగే బాటసారులు.
ఆ జరగడమే కరెంటు.

రెండు చివరలూ సమానంగా కాలితే ఏమీ పుట్టదు.
మే నెలలో మా ఊరు మొత్తం అంతే.
వేడి ఉంటే చాలదు,
తేడా ఉండాలి.

చిక్కెక్కడంటే,
వేడి కూడా అదే గుమ్మంలోంచి వస్తుంది.
ఇద్దరు చుట్టాలు ఒక్క రిక్షాలో దిగినట్టు.
ఒకరికి మంచినీళ్లిచ్చి
రెండోవారి మొహాన తలుపెయ్యాలి.
ఆవేశాలు పెంచితే వోల్టేజీ పడిపోతుంది,
తగ్గిస్తే ప్రవాహం చిక్కిపోతుంది.
నులక మంచం బిగించే పని ఇది,
కాళ్లవైపు లాగితే తలవైపు వదులు.

ఆవకాయ రోజుల్లో అమ్మ నన్ను
నల్లచెరువులో కాలేషా గారి మరకి తరిమింది.
తుమ్ముకుంటూ వరసలో నిలబడ్డాను.
ఆయన చిటికెడు కారం బొటనవేలితో రాసి చూసి
"ఇంకో పట్టు పట్టాలి పాపా" అన్నాడు.
మరీ మెత్తగా పట్టకూడదా అంటే
"మెత్తదనం మోజులో పడితే మాడుద్ది, రంగు పోద్ది.
పలుకు తెలియాల వేలికి."

పలుకు.
ఇంటికొచ్చినా ఆ మాట గొంతులో ఘాటుగానే ఉంది.

ఉక్కు గుండ్ల డబ్బాలో నా రాయిని పది గంటలు తిప్పాను.
ఆ పొడిని వేడిలో అదిమి బిళ్ల చేశాను.
మొదటి బిళ్ల గోరు తగలగానే విడిపోయింది.
వేడి ఆగింది, నిజమే.
కరెంటూ ఆగింది.
సుధామాధురి మేడం కళ్లజోడు పైకి తోసుకుని
"పగులు వేరు, అతుకు వేరు" అని మాత్రం చెప్పి
పరీక్ష పేపర్లు దిద్దుకోడానికి వెళ్లిపోయారు.
ఆ తర్వాత ఐదు నెలలు
ఆ రెండు మాటల మధ్యే కాపురమున్నాను.

పన్నెండో బిళ్ల.
లోపల గింజ గింజకీ సన్నని అతుకు.
వేడి అంటే తోపులాట, అణువు అణువుని భుజంతో నెట్టడం.
అది ప్రతి అతుకు దగ్గరా తట్టుకుని తూలింది.
ఆవేశం మాత్రం ఒంటిని పక్కకి తిప్పి
మిర్చి యార్డులో టిక్కీల సందున దూరే
ముఠా కుర్రాడిలా
మోచెయ్యి కూడా తగలకుండా వెళ్లిపోయింది.
మీటరు మీద అంకె
ముప్పావు దగ్గర్నుంచి ఒకటి దాటింది.
నాకు చప్పట్లు కొట్టడానికి ల్యాబులో ఎవరూ లేరు.
అప్పటికే కరెంటు కూడా పోయింది.

అలాంటి బిళ్లలు కొన్ని వరసగా పేర్చి
కాలేషా గారి డీజిల్ ఇంజను పొగగొట్టానికి కట్టాను.
రెండో వైపు అల్యూమినియం రెక్కలు.
చివర్న ఆవగింజంత దీపం.
మర తిరిగింది, గొట్టం కాలింది,
దీపం ఉందా లేదా అన్నట్టు వెలిగింది.

"ఇంతేనా?" అన్నాడాయన.
"ఇంతే" అన్నాను.

చెయ్యి గొట్టం మీద కాదు,
రెక్కల మీద పెట్టి చూశాడు.
"ఇదీ కాలుతోందిగా" అని గొణిగి
గోనెపట్టా చింపి, తొట్లో ముంచి,
పసిపిల్ల నుదుటికి తడిగుడ్డ వేసినట్టు వేశాడు.
దీపం మెడ నిక్కించి చూసింది.
కారం బస్తాల ఎరుపు మీద
దాని తెలుపు ఒక్క జానెడు మేర పాకింది.

మూడేళ్లలో నేను పెంచిందెంతో,
చెంబెడు నీళ్లతో ఆయన పెంచిందెంతో
లెక్క కట్టబోయి మానేశాను.
నోట్సు తీసి, కారం వేళ్లతోనే,
బిళ్ల పన్నెండు అని రాసి
దాని కింద రాశాను:
తడి గోనె.
"ఇగిరిపోతే కేకెయ్ పాపా" అంటూ
ఆయన తర్వాతి వారి మిరపకాయలు మరలో పోశాడు.